ఏదుపిల్ల సినిమా

సరిగ్గా వాగు పొంగే చోట
కరెంటు పోయింది.
బ్రాడీపేట నాలుగో లైను మొత్తం
ఒక్క గొంతుతో "అయ్యో" అంది.

చాపలు, విసనకర్రలు, సగం కొరికిన జామకాయ పట్టుకుని
అందరం మేడెక్కాం.
గాలి లేకపోయినా యార్డు వైపు నుంచి మిరప ఘాటు వచ్చింది.
దానికి దారి తెలుసు.

"పాత బొమ్మల సినిమాకి ఇంత గోలేంటి?"
మొదలెట్టింది రెండో అంతస్తు హన్విక, తొమ్మిదేళ్లది.
"ఏదుపంది నడుస్తుంటే ముళ్లు కదలట్లేదు.
వెనకాల ఒకటే చెట్టు మూడుసార్లు వచ్చింది,
నేను లెక్కపెట్టా."

ఖాజావలీ గారు బీడీ ఆర్పారు.
ముప్పయ్యేళ్లు హాళ్లకి బ్యానర్లు రాసిన చెయ్యి,
ఊళ్లోని హీరోల మీసాలన్నీ దాని కిందే మొలిచాయి.
"చెట్లు లెక్కపెట్టావు గదా తల్లీ,
ముళ్లు లెక్కపెట్టావా?
ఒక్కో ముల్లూ ఎవడో కూర్చుని గీశాడు.
గీసి, కాయితం మార్చి, వెంట్రుకవాసి జరిపి, మళ్లీ గీశాడు.
కదల్లేదంటే
ఆ పూట వాడికి చెయ్యి నొప్పెట్టి ఉంటది."

లాం ఫారంలో పశువుల కాంపౌండరు చేసిన పున్నారావు గారికి
నొప్పి ఎవరిదైనా నిజం కావాలి.
"ఏదు ముళ్లు విసరదండీ, శుద్ధ అబద్ధం.
గుచ్చుకుంటే ఊడొస్తాయి, అంతే.
అదీ పోనీండి, పులికి గుంటూరు యాసేంటి?"
"యాసే బాగుంది," చీకట్లోంచి ఎవరో,
"'ఏందిరా అబ్బయ్యా, ఒళ్లంతా చీపురుపుల్లలేంది' అన్నప్పుడు
హాలంతా ఈలలు!"

అలా సాగింది.
రంగులు వెలిశాయని ఒకరు,
వెలిసింది మీ టీవీ అని ఇంకొకరు.
ఇంటర్వెల్ తర్వాత సాగదీశాడని, లేదు, అక్కడే ఊపందుకుందని.
వాన గీసినవాడు మాత్రం
మే నెల గుంటూరు చూసినవాడేనని
ఖాజావలీ గారి తీర్పు.
"వానని అంత ఆశగా ఇంకెవడు గీస్తాడు!"

"ఏ మాటకామాటే," చివరికి పున్నారావు గారే తగ్గారు,
"తల్లి చచ్చిపోయే సీను తీసినోడు మొనగాడు.
వాగులో ఒక్క ముల్లు
తేలుకుంటా వస్తది చూడండీ..."

"చచ్చిపోదే," అంది మా అమ్మ.

చీకట్లోనే ఎవరిదో జాకెట్టుకి హుక్కులు కుడుతోంది.
సువార్తమ్మ వేళ్లకి దీపం అక్కర్లేదు.
"ఈదుకుంటా అవతలి గట్టుకి చేరిద్ది.
ఒళ్లంతా బురద గదా, పిల్ల ముందు గుర్తుపట్టదు.
అప్పుడు తోక గలగలలాడించిద్ది.
ఆ చప్పుడికి పరిగెత్తుకొచ్చిద్ది పిల్ల."

ఏదులు తోక అలా ఆడిస్తాయి, నిజమే,
అన్నారు పున్నారావు గారు, కానీ సినిమాలో...
ఆ బ్యానరు రాసింది ఖాజావలీ గారే.
గట్టు మీద పిల్ల ఒక్కటే ఉంటుంది.
ఆయన ఏదో అనబోయి
ఆరిన బీడీ మళ్లీ వెలిగించుకున్నారు.

అప్పుడు నాకు అయిదేళ్లు.
కొత్తపేట హాలు, నేల టిక్కెట్టు.
వాగు పొంగగానే గుక్కపెట్టానట.
"పిల్లోణ్ణి బయటికి తీస్కపోమ్మా" అన్నారట వెనకవాళ్లు.
సోడా తాగించి
ఇంటిదాకా నడుస్తూ మిగతా కథ చెప్పింది.
తర్వాత ఎన్ని రాత్రుళ్లు చెప్పిందో,
తోక చప్పుడికి
రేకు డబ్బాలో బొత్తాలు వేసి ఊపేది.

ముప్పై మూడేళ్లుగా
నేను ఆ సినిమా చూశాననే అనుకుంటున్నాను.

కరెంటొచ్చింది.
కింద అన్ని టీవీలూ కలిసి ఏదో అరిచాయి.
"ఇంతకీ తల్లి బతికిందా?" హన్విక.
పున్నారావు గారు నోరు తెరిచారు.
ఖాజావలీ గారు ఆయన మోకాలి మీద చెయ్యేశారు.

అమ్మ దారం పళ్లతో కొరికింది.
"అబ్బాయ్, మిషను సొరుగులో
బొత్తాల డబ్బా ఉంటది, పట్రా."

మెట్లు దిగి లోపలికెళ్లాను.
టీవీ వైపు తిరగలేదు.
వాగో, సబ్బు ప్రకటనో,
గోడ మీద నీలంగా
నీళ్లలాంటిదేదో కదులుతోంది.